వాకింగ్ ట్రాక్ కింద మురుగు పైపు లీకైతే: తవ్వకముందు నుంచి పేవర్లు మళ్ళీ పరిచేదాకా

ట్రాక్ మీద ఒకే చోట ఎప్పుడూ తడి, పొద్దున్నే వాసన, పేవర్లు (ట్రాక్ మీద పరిచే సిమెంట్ ఇటుకలు) కుంగిపోవడం, ఒకసారి బాగుచేయించినా వానలు పడేసరికి మళ్ళీ అదే కథ. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ నుంచి పెందుర్తి దాకా అసోసియేషన్ల వాళ్ళు, చిన్న కాంట్రాక్టర్లు, సైట్ చూసుకునే కుర్రాళ్ళు ఇదే అడుగుతున్నారు, అందుకే పని ఏ వరసలో జరగాలో మొత్తం ఒకచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. పైపు అతికించడం ఈ పనిలో అరగంట ముచ్చట. లీక్ ఎక్కడుందో సరిగ్గా పట్టుకోవడం, గొయ్యి సరిగ్గా పూడ్చడం, ఈ రెండే అసలు పని, రిపేరు మళ్ళీ మళ్ళీ ఫెయిలయ్యేది కూడా ఈ రెండు చోట్లే.

## 1. ఆ పైపు ఎవరిదో తేల్చుకోండి

ట్రాక్ కింద రెండు రకాల లైన్లు ఉంటాయి. ఒకటి నగరపాలక సంస్థ జీవీఎంసీ వాళ్ళ యూజీడీ (భూగర్భ డ్రైనేజీ) మెయిన్ లైను, మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్‌కి పోయేది. రెండోది మీ అపార్ట్‌మెంట్ చాంబర్ నుంచి ఆ మ్యాన్‌హోల్‌లోకి కలిసే కనెక్షన్ పైపు.

మెయిన్ లైనయితే మీరు పలుగు పట్టుకోకండి. వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీకి రాతపూర్వకంగా కంప్లైంట్ ఇచ్చి, ఫోటోలు జతచేసి, నంబర్ తీసుకుని జోనల్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారిని కలవండి. పని వాళ్ళు చేస్తారు, కానీ సరిగ్గా చేస్తున్నారా లేదా చూడటానికి కింద రాసిందంతా మీకు పనికొస్తుంది.

మీ కనెక్షన్ పైపే అయితే పని మీరు చేయించుకోవచ్చు, కాకపోతే ట్రాక్ పబ్లిక్ స్థలం కాబట్టి తవ్వడానికి ముందు పర్మిషన్ తీసుకోవాలి. రాత్రికి రాత్రి తవ్వి పూడ్చేద్దాం అనుకోవద్దు, ఆ తొందరలోనే కరెంటు కేబుల్ మీద గునపం పడేది.

## 2. అది మురుగేనా, మంచినీళ్ళా, కొండ ఊటా

వైజాగ్‌లో ఈ అనుమానం తప్పనిసరి. కైలాసగిరి కింద గానీ సింహాచలం కొండవైపు గానీ ఉన్న కాలనీల్లో వానాకాలం తర్వాత నేల్లోంచి ఊట వస్తుంది, దాన్ని చూసి పైపు పగిలిందని ట్రాక్ తవ్వేసినవాళ్ళున్నారు.

ఒక రోజంతా గమనించండి. ఉదయం ఆరు నుంచి తొమ్మిది మధ్య తడి ఎక్కువై మధ్యాహ్నం తగ్గితే మురుగు లైను. కుళాయి వదిలే టైములో మాత్రమే ఎక్కువైతే మంచినీళ్ళ లైను. రోజంతా ఒకేలా, వాసన లేకుండా, తేటగా ఉంటే ఊట అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత ఓటీ టెస్ట్. క్లోరిన్ చూడటానికి వాటర్ సప్లై సిబ్బంది దగ్గర ఉండే ద్రావణమే. గుంటలో నీళ్ళు కొంచెం తీసుకుని చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తే అందులో కుళాయి నీళ్ళు ఉన్నట్టే. రంగు రాలేదని మాత్రం మురుగేనని తేల్చేయొద్దు, క్లోరిన్ మట్టిలోనే ఖర్చయిపోయి ఉండొచ్చు.

మురుగు లీక్ పక్కనే మంచినీళ్ళ పైపు ఉందని తెలిస్తే ఆలస్యం చెయ్యకండి. సప్లై ఆగిన టైములో పైపులో ప్రెషర్ ఉండదు, ఎక్కడ చిన్న సందున్నా బయట మురుగు లోపలికి లాగేసుకుంటుంది. టైఫాయిడ్, కామెర్లు వీధంతా పాకేది ఇలాగే. అదే రోజు వాటర్ సప్లై వాళ్ళకి చెప్పండి, ఆ లైన్ మీదున్న ఇళ్ళవాళ్ళకి నీళ్ళు మరగబెట్టుకోమని చెప్పండి.

## 3. తడి ఉన్నచోట తవ్వొద్దు, లీక్ ఉన్నచోట తవ్వండి

పైపు చుట్టూ వేసిన ఇసుక, వదులు మట్టి గుండా నీళ్ళు సులువుగా పారతాయి. మన ఊళ్ళో నేల సముద్రం వైపు వాలుగా ఉండే చోట్లు ఎక్కువ కాబట్టి లీక్ పైన ఎక్కడో ఉంటే తడి పల్లంలో, ఇరవై ముప్పై అడుగుల దిగువన తేలుతుంది. తడి దగ్గర తవ్వితే బాగున్న పైపు కనిపిస్తుంది, ఆ పైపుకే సిమెంట్ పూసి వచ్చేస్తారు. "రిపేరు చేసినా ఆగలేదు" అనేవాళ్ళలో చాలామంది కథ ఇదే.

పట్టుకునే పద్ధతులు, తేలిక నుంచి కష్టం వైపు:

- ఎగువ చాంబర్ మూత తీసి రంగు నీళ్ళు పొయ్యండి. ఫ్లోరసీన్ రంగు మంచిది, దొరక్కపోతే చిక్కటి ఫుడ్ కలర్. పొటాషియం పర్మాంగనేట్ వాడొద్దు, మురుగులో కలవగానే గులాబీ రంగు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది, ఏదీ తేల్చుకోలేరు.
- తడి చోట ఆ రంగు వచ్చిందంటే ఈ లైనే అని ఖాయం. ఎక్కడ అనేది ఇంకా తేలలేదు.
- వెదురు బద్దలు గానీ ప్లాస్టిక్ రాడ్లు గానీ చాంబర్ పైనుంచి తోయండి. తట్టుకుని ఆగిన చోట రాడ్ మీద గుర్తు పెట్టి, బయటికి లాగి టేపుతో కొలవండి. అదే కొలత ట్రాక్ మీద వేసి సుద్దతో గీయండి.
- పైపు కెమెరా అద్దెకి దొరికితే అదే అన్నిటికంటే మేలు. ముందు జెట్టింగ్ (నీళ్ళు గట్టి ఒత్తిడితో కొట్టి పైపు కడగడం) చేయించి, తర్వాత కెమెరా పంపండి. మట్టి పట్టిన పైపులో కెమెరాకి ఏమీ కనపడదు.

కెమెరాలో మూడు విషయాలు రాసుకోండి: పగులు నిలువుగానా అడ్డంగానా, జాయింట్ విడిపోయిందా, చెట్టు వేర్లు ఉన్నాయా. పార్కుల్లో రావి, మర్రి జాతి చెట్లుంటే ముందు వేర్లనే అనుమానించాలి, పాత సిమెంట్ జాయింట్‌లో వెంట్రుక సందు దొరికినా లోపలికి దూరిపోతాయి.

## 4. రోజు, టైము, సామాన్లు

జనవరి నుంచి మే వరకు మంచి కాలం. జూన్‌లో వానలు మొదలవుతాయి, అక్టోబర్ నవంబర్ తుఫాన్ల నెలలు, గొయ్యి తెరిచి పెట్టుకుని అల్పపీడనం కబురు వినడం కంటే తలనొప్పి లేదు. అత్యవసరమైతే వానల్లో కూడా చెయ్యాలి కానీ గొయ్యి చుట్టూ మట్టి కట్ట, ఒక స్పేర్ పంపు తప్పనిసరి.

ట్రాక్ మీద జనం ఉదయం ఐదు నుంచి ఎనిమిది, సాయంత్రం ఐదు తర్వాత. ఇళ్ళల్లో నీళ్ళ వాడకం కూడా పొద్దున్నే ఎక్కువ. అందుకని తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి నాలుగు లోపు పైపు పని అయిపోయేలా చూసుకోండి.

కరెంటు సంగతి మర్చిపోవద్దు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మన సిటీలో చాలా చోట్ల కరెంటు లైన్లు భూమిలోపలికి వెళ్ళాయి. ట్రాక్ లైట్ల కేబుల్, ఇంటర్నెట్ ఫైబర్ వీటికి అదనం. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వాళ్ళనీ, వాటర్ లైన్ వాళ్ళనీ ముందే పిలిచి ఎక్కడెక్కడ ఏమున్నాయో నేలమీద పెయింట్‌తో గుర్తు వేయించుకోండి.

సామాన్లు సైట్‌కి రాకముందు ఇవి సరిచూసుకోండి:

- బారికేడ్లు, ఎర్ర రిబ్బన్, రాత్రికి బ్లింకర్ లైట్లు, "ఇటు వెళ్ళండి" అని తెలుగులో పెద్ద బోర్డు
- మురుగు పంపు, ఇంకో స్పేర్ పంపు, డెలివరీ గొట్టం, ఇసుక బస్తాలు లేదా గాలితో ఉబ్బే పైప్ ప్లగ్
- గ్యాస్ మీటర్, గమ్ బూట్లు, పొడవు గ్లవ్స్, కళ్ళద్దాలు
- షోరింగ్‌కి (గొయ్యి గోడలు కూలకుండా పెట్టే ఆసరాకి) చెక్కలు, అడ్డ దుంగలు, నిచ్చెన
- కొత్త పైపు ముక్క, రెండు కప్లింగ్‌లు (పైపుల చివర్లు కలిపే రబ్బర్ తొడుగులు), గ్రైండర్, డైమండ్ బ్లేడు
- నది ఇసుక లేదా క్రషర్ ఇసుక, క్వారీ డస్ట్, ఎర్ర గ్రావెల్
- దిమ్మిస, ప్లేట్ కాంపాక్టర్ (మట్టి అదిమే మిషన్)
- లెవెల్ ట్యూబ్ (నీళ్ళతో మట్టం చూసే గొట్టం), దారం, టేపు
- సున్నం, బ్లీచింగ్ పౌడర్, సబ్బు, చేతులు కడుక్కోడానికి ఒక డ్రమ్ము నీళ్ళు

బీచ్ ఇసుక తవ్వి తెచ్చి వాడతామంటే ఒప్పుకోవద్దు. తీరంలో ఇసుక తియ్యడం నిషేధం, పైగా అందులో ఉప్పు ఇనప చువ్వలనీ క్లిప్పులనీ తినేస్తుంది.

## 5. మనిషి మ్యాన్‌హోల్‌లోకి దిగకూడదు

దీని దగ్గర బేరం లేదు. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని మురుగు లైన్లలోకి దింపి శుభ్రం చేయించడం చేతులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. ఇలా చనిపోయిన వాళ్ళ కుటుంబానికి 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. డబ్బు తర్వాత సంగతి, ఒక ఇంటి మనిషి తిరిగి రాడు. "ఒక్క నిమిషం సార్, దిగి చూసొస్తా" అని పనివాడు అన్నా సరే మీరు వద్దనాలి.

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుందని అందరికీ తెలుసు, ప్రమాదం ఏమిటంటే అది 100 పీపీఎం (గాలిలో పది లక్షల్లో వంద వంతులు) దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారిపోయి వాసనే తెలీదు. వాసన తగ్గింది కదా అని లోపలికి వంగినవాళ్ళు అలాగే పడిపోతారు, వాళ్ళని లాగబోయి దిగిన రెండోవాడు కూడా పోతాడు.

మీరు తవ్విన గొయ్యి కూడా ఇలాంటిదే. గాలికంటే బరువైన గ్యాస్ కాబట్టి అడుగున పేరుకుంటుంది. అందుకే:

- ఎగువ, దిగువ మ్యాన్‌హోల్ మూతలు కనీసం గంట ముందు తెరిచి, చుట్టూ బారికేడ్ పెట్టి మనిషిని కాపలా ఉంచండి
- మీటర్‌ని తాడుతో కిందకి దింపి చూడండి: ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు, హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దాటకూడదు, మీటర్‌లో ఎల్‌ఈఎల్ అని చూపించే మండే గ్యాస్ రీడింగ్ పది శాతం లోపు ఉండాలి
- పని జరుగుతున్నంతసేపూ మీటర్ గొయ్యిలోనే ఉండాలి
- బీడీ, సిగరెట్, లైటర్ దరిదాపుల్లో ఉండకూడదు
- పైన ఎప్పుడూ ఒక మనిషి ఉండాలి, అతనికి వేరే పని చెప్పొద్దు

పనివాళ్ళకి ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించి ఉందో లేదో అడగండి. చేతికి పుండు, కోత ఉన్నవాణ్ణి ఆ రోజు మురుగు తగలని పైపనికే పంపండి.

## 6. పారే మురుగుని ఆపడం

కనెక్షన్ పైపు అయితే సులువు. ముందు రోజు సాయంత్రమే ఫ్లాట్లన్నిటికీ మెసేజ్ పెట్టి, మళ్ళీ తలుపు తట్టి చెప్పండి, ఆ కొన్ని గంటలూ బాత్రూములు, వాషింగ్ మెషీన్లు వాడొద్దని. అయినా ఎవరో ఒకరు వాడతారు, అందుకే చివరి చాంబర్‌లో ప్లగ్ బిగించి పంపు పెట్టి నేరుగా దిగువ మ్యాన్‌హోల్‌లోకి తోడించండి.

పంపు నీళ్ళని వానకాలువలోకి వదలొద్దు. మన గెడ్డల్లో (వాగుల్లో) చాలావరకు సముద్రంలోకే పోతాయి, మీరు వదిలింది బీచ్‌లో తేలుతుంది.

ప్లగ్‌కి తాడు కట్టి పైన గట్టిగా కట్టేయండి. వెనక నీళ్ళ ఒత్తిడికి ప్లగ్ ఒక్కసారి జారితే గొయ్యిలో ఉన్నవాడి మీదకే వస్తుంది.

## 7. తవ్వకం

పేవర్లు తియ్యకముందు ఫోటో తీయండి. ఒక చివర నుంచి వరసగా తీసి, అదే వరసలో పేర్చండి.

మొదట చేత్తో రెండు చిన్న టెస్ట్ గుంతలు తవ్వి పైపు ఎంత లోతులో ఉందో, పక్కన కేబుల్ ఉందో లేదో చూసుకోవాలి. జేసీబీ తెచ్చినా పైపుకి రెండడుగులు పైనే ఆపేసి మిగతాది పారతో తియ్యాలి. పాత కాల్చిన మట్టి గొట్టం, అదే స్టోన్‌వేర్ పైపు, బకెట్ పన్ను తగిలితే ఈ చివర నుంచి ఆ చివరకి చిట్లుతుంది.

అడుగున వెడల్పు రెండడుగులకి తగ్గకూడదు, మనిషి చెయ్యి పైపు కింద తిరగాలి కదా. లోతు 1.5 మీటర్లు దాటితే షోరింగ్ లేకుండా ఎవరూ దిగకూడదు. ఎర్ర గ్రావెల్ నేల ఎండలో గోడలా నిలబడి ఉన్నట్టే కనపడుతుంది, లీక్ నీళ్ళతో లోపల నానిపోయి ఉంటుంది, ఉన్నట్టుండి విరిగి పడుతుంది. ఒక క్యూబిక్ మీటర్ మట్టి ఒకటిన్నర టన్ను పైనే, మనిషి ఊపిరి ఆగిపోడానికి అందులో కొంచెం చాలు.

తీసిన మట్టి గట్టు అంచునుంచి కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో వేయండి. మురుగు తడి తగిలిన నల్లమట్టిని విడిగా వేయండి, అది తిరిగి గొయ్యిలోకి పనికిరాదు.

బీచ్ రోడ్ వైపు పని అయితే కథ వేరు. ఇసుక ఎంత తీస్తే అంత జారుతుంది, కొంచెం లోతుకే నీరు తేలుతుంది. అక్కడ గొయ్యి చిన్న చిన్న ముక్కలుగా తవ్వి, చెక్కలు ముందు దింపుకుంటూ తర్వాత ఇసుక తీస్తూ పోవాలి.

చెట్టు పెద్ద వేరు అడ్డొస్తే నరకొద్దు, దాని కింద నుంచి సొరంగంలా తవ్వి పైపు దాకా వెళ్ళండి. మొదలుకి దగ్గరగా పెద్ద వేరు కొట్టేస్తే వచ్చే తుఫానుకి ఆ చెట్టు ట్రాక్ మీదే పడుతుంది.

## 8. పైపు రిపేరు

దెబ్బ ఏమిటో చూసి పద్ధతి ఎంచుకోవాలి.

పైపు పగిలితే: ఆ ముక్క తీసేసి కొత్తది వెయ్యాలి, పైన సిమెంట్ పూత పెట్టి వదిలేస్తే నిలవదు. పగులుకి రెండు వైపులా కనీసం అడుగు దూరం వదిలి మంచి పైపు మీద గుర్తుపెట్టి గ్రైండర్‌తో కొయ్యండి. సుత్తి వాడొద్దు, పగులు ఇంకా పాకుతుంది. కోసేటప్పుడు నీళ్ళు చల్లుతూ ఉండాలి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ఇప్పుడు చాలామంది తప్పు చేసే చోటు. పీవీసీ పైపు సైజు బయటి కొలత, 110, 160, 200 మి.మీ. అలా. పాత స్టోన్‌వేర్, సిమెంట్ పైపుల సైజు లోపలి కొలత. రెండూ "ఆరంగుళాల పైపే" అని షాపులో ఇచ్చేస్తారు, తీరా గొయ్యిలో కప్లింగ్ పట్టదు. పాత పైపు చుట్టూ టేపు తిప్పి వచ్చిన కొలతని 3.14తో భాగిస్తే బయటి వ్యాసం వస్తుంది, ఆ అంకె రాసుకునే షాపుకి వెళ్ళండి.

రబ్బర్ కప్లింగ్ మీద బిగించే క్లిప్పులు మామూలు ఇనపవి వద్దు. మన ఉప్పుగాలికి, ఉప్పునేలకి తుప్పు పట్టి ఊడిపోతాయి, 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అడగండి.

వరస ఇది:

1. పైపు కింద పాత బురద తీసేసి 100 నుంచి 150 మి.మీ. ఇసుక పరిచి దిమ్మిసతో కొట్టండి.
2. కప్లింగ్ వచ్చేచోట ఇసుకలో చిన్న గుంట చెయ్యండి. పైపు తన నడుము మొత్తం ఇసుక మీద ఆనాలి, కప్లింగ్ మీద వేలాడకూడదు.
3. కొత్త ముక్కని గ్యాప్ కంటే ఒక సెంటీమీటర్ తక్కువగా కోసి, అంచులు నున్నగా చెయ్యండి.
4. కప్లింగ్‌లు రెండూ పాత పైపుల మీదకి పూర్తిగా జరిపి పెట్టి, ముక్కని మధ్యలో కూర్చోబెట్టండి.
5. లెవెల్ ట్యూబ్‌తో ఎగువ, దిగువ పైపుల అడుగు మట్టాలు చూసి అదే వాలులో దారం కట్టి సరిచెయ్యండి. పాత వాలు మార్చొద్దు.
6. కప్లింగ్‌లు మధ్యకి లాగి క్లిప్పులు రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించండి.

రబ్బర్ రింగ్‌కి జారుడు కోసం సబ్బు నీళ్ళు రాయండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రబ్బర్‌ని ఉబ్బించి పాడుచేస్తాయి.

జాయింట్ మాత్రమే కారుతుంటే: పాత సిమెంట్ మొత్తం చెక్కి తీసి, సిమెంట్ పాలల్లో ముంచిన జనపనార సాకెట్‌లో చుట్టూ గట్టిగా దట్టించి, ఒకటికి ఒకటి సిమెంట్ ఇసుక కలిపి నింపి 45 డిగ్రీల అంచు తీర్చాలి. తడి గోనె కప్పి ఆరనివ్వకుండా ఉంచాలి. జాయింట్ తీయకుండా పైనుంచి కాంక్రీట్ దిమ్మ పోసేవాళ్ళున్నారు, నీళ్ళు దాని కిందనుంచి దారి చూసుకుంటాయి.

వేర్లు దూరితే: వేర్లు కోసేసి వదిలితే మళ్ళీ వస్తాయి. ఆ భాగం మొత్తం రబ్బర్ రింగ్ జాయింట్ల పీవీసీకి మార్చడం నయం. ట్రాక్ తవ్వే వీలే లేకపోతే పైపు లోపలే రెసిన్ పట్టించిన గుడ్డతో ప్యాచ్ లైనింగ్ చేసే కంపెనీలున్నాయి, ఖర్చు ఎక్కువే గానీ చెట్టూ ట్రాకూ రెండూ మిగులుతాయి.

## 9. పూడ్చకముందే టెస్ట్

దిగువ చివర ప్లగ్ పెట్టి, ఎగువ చాంబర్‌లో పైపు నెత్తి కంటే మూడడుగులు పైకి వచ్చేలా నీళ్ళు నింపండి. సిమెంట్ పైపు అయితే మొదట గంటసేపు అది నీళ్ళు పీల్చుకుంటుంది, మళ్ళీ నింపి అప్పుడు గోడమీద గుర్తు పెట్టండి. అరగంట ఆగండి. కొత్త జాయింట్ చుట్టూ పొడి చెయ్యి పెట్టి తడిమితే పొడిగానే ఉండాలి.

సిమెంట్ జాయింట్ వేస్తే అదే రోజు ఈ టెస్ట్ చెయ్యకూడదు, గట్టిపడ్డాకే. అందాకా పంపు నడుస్తూనే ఉండాలి, గొయ్యికి రాత్రి లైట్లు, కాపలా మనిషి ఉండాలి.

వాలు చూడటానికి పైపు లోపలి వ్యాసం కంటే 13 మి.మీ. చిన్న నున్నటి బంతి ఎగువన వదిలితే దిగువన బయటికి రావాలి. మధ్యలో ఆగిందంటే లోపల సిమెంట్ పొడుచుకొచ్చింది, లేదా పైపు కుంగింది. ఇప్పుడే సరిచెయ్యండి.

## 10. పూడ్చడం

పని బాగా చేసి ఇక్కడ పాడుచేస్తారు. పైపు బిగియగానే అందరికీ ఇంటికెళ్ళాలనిపిస్తుంది, జేసీబీతో మట్టంతా ఒక్కసారి తోసి పైన నీళ్ళు కొట్టేస్తారు. రెండు వానలకి నేల కుంగుతుంది, దాంతో పైపు వంగుతుంది, జాయింట్ ఊడుతుంది.

మొదట పైపు పక్కల కిందుగా ఇసుక చేత్తో దూర్చి నింపండి. రెండు వైపులా సమానంగా పెంచుకుంటూ రావాలి, ఒక పక్కే పోస్తే పైపు జరుగుతుంది. పైపు నెత్తిమీద అడుగు మందం ఇసుక లేదా రాళ్ళు లేని మెత్తటి మట్టి, దాన్ని చేతి దిమ్మిసతోనే కొట్టాలి, మిషన్ పెట్టకూడదు. దానిమీద హెచ్చరిక టేపు పరవండి.

ఆ పైన గ్రావెల్ 150 నుంచి 200 మి.మీ. పొరలుగా వేసి ఒక్కో పొరా ప్లేట్ కాంపాక్టర్‌తో తొక్కించాలి. తడి ఎంత ఉండాలంటే, గుప్పిట్లో పిసికితే లడ్డూలా నిలవాలి, వేలితో నొక్కితే విరగాలి. చేతికి అంటుకుంటే తడి ఎక్కువ, ఎండబెట్టాలి. ఇసుకనైతే నీళ్ళతో కూర్చోబెట్టొచ్చు, ఎర్రమట్టిని నీళ్ళతో ముంచితే బురదవుతుందే తప్ప గట్టిపడదు.

బీచ్ దగ్గర నీరు తేలే చోట ఖాళీ పీవీసీ పైపు పైకి లేస్తుంది. పైన మట్టి బరువు పడేదాకా గొయ్యిలో నీళ్ళు తోడుతూనే ఉండాలి.

## 11. ట్రాక్ మళ్ళీ వెయ్యడం

గ్రావెల్ మీద క్వారీ డస్ట్ పొర తొక్కించి, దానిమీద 30 మి.మీ. ఇసుక బద్దతో లెవెల్ చేసి పేవర్లు పాత వరసలోనే పరవండి. పక్క ట్రాక్ కంటే మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంచితే తర్వాత సర్దుకుంటుంది, అంతకంటే ఎత్తయితే పెద్దవాళ్ళ కాలు తట్టుకుంటుంది. సందుల్లో పొడి ఇసుక ఊడ్చి కాంపాక్టర్ తిప్పండి.

మురుగు పారిన నేలమీద సున్నం గానీ బ్లీచింగ్ గానీ చల్లండి. బ్లీచింగ్‌లో యాసిడ్ కలిపారంటే విషవాయువు వస్తుంది, బాత్రూమ్ యాసిడ్ బాటిల్ సైట్‌కే రానివ్వొద్దు. పిల్లలు ఆడే చోటయితే నల్లమట్టి తీసేసి కొత్త మట్టి వేయండి.

## 12. అయ్యాక కూడా తడి కనిపిస్తే

- రెండు మూడు రోజులు తడి ఉంటే కంగారు లేదు, నేలలో నిలిచిన నీళ్ళు దిగువకి జారుతుంటాయి.
- వారం దాటినా ఉంటే మళ్ళీ రంగు వేసి చూడండి. రంగు వస్తే ఎగువన ఇంకో లీక్ ఉంది, రాకపోతే ఊటో మంచినీళ్ళో చూడండి.
- వాసన మాత్రమే వస్తే చాంబర్ మూత అంచులు చూడండి, చాలాసార్లు అక్కడి నుంచే.
- పేవర్లు కుంగితే పైన ఇసుక వేసి లెవెల్ చెయ్యొద్దు. పేవర్లు తీసి కింద గ్రావెల్ మళ్ళీ తొక్కించండి.

మొదటి పెద్ద వాన మర్నాడు, తర్వాత నెలకోసారి ఆ చోటు చూసి రండి. దగ్గరి చాంబర్ నుంచి, కదలని ఒక లైట్ స్తంభం నుంచి రిపేరు ఎంత దూరమో, ఎంత లోతో, ఏ పైపు, ఏ కప్లింగ్ వేశారో కాగితం మీద బొమ్మ గీసి, ఫోటోలతో కలిపి ఒక కాపీ అసోసియేషన్ ఫైల్లో, ఇంకోటి వార్డు సచివాలయంలో ఇవ్వండి.